నల్ల వైర్ల కట్ట

కార్లు బాగుచేసే ఒబ్దూలియో షెడ్డులో ఇప్పుడు మిగిలింది ఒక్క కారు. ఒకప్పుడు వీధి మలుపు దాకా నిలబడేవి. ఇంటి ముందు కప్పు కింద రెండు, వాకిట్లో రెండు, అవతల అరటిచెట్ల పక్కన గుడ్డ కప్పుకొని మరికొన్ని. జనం ఒక్కొక్కరే వచ్చి, మొహమాటంగా ఏదో సాకు చెప్పి తోలుకుపోయారు. సాకులన్నీ వేరువేరే గానీ కార్లన్నీ చేరింది ఒక్కచోటికే. రోడ్డు ఆ చివర రంగుల బోర్డు పెట్టుకున్న చాగిటో దగ్గరికి. బోర్డు చూసి పోయేవాళ్లకి పనితో ఏం పని?

ఆ మిగిలిన ఒక్కటీ వాండా క్రెస్పోది. అగ్గిపెట్టెంత పాత స్టార్లెట్, దాని పొట్టలో పిస్టన్లు లేని రోటరీ ఇంజన్. వాండా వారమంతా స్కూలు బస్సు నడుపుతుంది. ఆదివారం వస్తే ఈ అగ్గిపెట్టెలో కూర్చుని సాలినాస్ ట్రాక్ మీద మీసాలు మెలేసేవాళ్లందరికీ దుమ్ము తినిపిస్తుంది. బస్సులో పిల్లల్ని అదిలించీ అదిలించీ ఆమె గొంతు గంటలా తయారైంది. ఒబ్దూలియోకి తేలిగ్గా అందే గొంతులు ఈమధ్య బాగా తగ్గిపోయాయి. వాటిలో ఆమెది ఒకటి.

“మేస్త్రీ, నీ మీద నాకు గౌరవముంది,” అంది ఆమె మంగళవారం నాడు, బస్సు రోడ్డు మీదే ఆపి. “కానీ టాంకీలో గౌరవం పోస్తే కారు నడవదుగా. శనివారం పొద్దున ట్రైలర్ తగిలించుకొని వస్తా. స్టార్టయి సాఫీగా తిరిగిందా, ట్రైలర్ ఖాళీగా పోద్ది. లేదా, చాగిటో దగ్గరికి పోద్ది. మళ్లీ వెనక్కి రాదు.”

ఒబ్దూలియో వాదించలేదు. స్టార్టవుతుందని మాత్రం చెప్పాడు. ఆ మాట మరీ పెద్దగా వచ్చి ఉండాలి, వాండా ఒక అడుగు వెనక్కి వేసింది. ఈమధ్య అతని మాట అలాగే ఉంటోంది. గొంతు ఎంత పెట్టాలో కొలత తెలియడం లేదు.

కొలత తెలియకపోవడానికి కారణం చెవులు. ముప్పయ్యేళ్లు సైలెన్సర్ లేని రోటరీ ఇంజన్ల మీద తలవాల్చి బతికిన మనిషి. రోటరీ మోత వినని వాళ్లకి చెప్పినా అర్థం కాదు, విన్నవాళ్లకి చెప్పినా వినపడదు. కార్బరేటర్ మీద స్క్రూ పావు తిప్పు తిప్పి, చెవి రిక్కించి, మళ్లీ అందులో సగం వెనక్కి తిప్పి ఇంజన్‌కి ప్రాణం పోసేవాడు. మీటర్లు పెట్టుకున్నవాళ్లని చూసి నవ్వేవాడు. రెండేళ్ల క్రితం ఒక పొద్దున పక్కింటివాడి పందెంకోడి గోడెక్కి, మెడ సాచి, నోరు తెరిచింది. కూత రాలేదు. కోడికేదో జబ్బు చేసిందనుకొని పక్కింటివాడికి జాలిగా చెప్పబోయి, సగంలో ఆగిపోయాడు. ఆ వాకిట్లో జబ్బు చేసింది కోడికి కాదు.

సంగతి తెలిసింది అక్క లుసీలాకి ఒక్కదానికే. మేడమీద ఉంటుంది, కింద గేటు పక్కన బండి పెట్టుకొని మాంసం కూరిన పాస్టెలియోలు వేయిస్తుంది. తమ్ముడిని పిలవాలంటే పేరు పెట్టి పిలవడం మానేసి, చేతికి దొరికింది విసురుతుంది. అరటితొక్క అయితే అన్నానికి రమ్మని. నిమ్మచెక్క అయితే ఎవరో వచ్చారని.

పాత కార్బరేటరూ డిస్ట్రిబ్యూటరూ పీకేసి, బయటినుంచి తెప్పించిన కంప్యూటర్ పెట్టె పెడదామని వాండా తలకెక్కించింది ఒబ్దూలియోనే. ముసలాడికి ఇప్పటికి బుద్ధొచ్చిందని వీధిలో నవ్వుకున్నారు. అసలు లెక్క వేరు. చెవి చేసిన పని ఇకమీద కంటికి అప్పజెప్పాలి. ఇంజన్ ఎంత తిరుగుతోందో, ఎక్కడ తడబడుతోందో ఆ పెట్టె అంకెలు వేసి, గీతలు గీసి తెరమీద చూపిస్తుంది. వాండా కారొక్కటి అలా నిలబడితే ఇంకో పదేళ్లు బతకొచ్చు. లేకపోతే అక్క బండి దగ్గర పిండి పిసకొచ్చు.

పెట్టె బిగించాడు. పెట్రోలు చిమ్మే సూదులు బిగించాడు. ఇంజన్ ముందు పళ్ల చక్రం బిగించాడు. చక్రానికి ఒకచోట రెండు పళ్లు ఉండవు. ఆ బోసి ఎదురైనప్పుడల్లా, తిరుగుడు ఎక్కడిదాకా వచ్చిందో పెట్టెకి తెలియాలి. తెలియజెప్పేది చక్రం ముందు వెంట్రుకవాసి దూరంలో నిలబడే సెన్సర్. చిటికెనవేలంత ఉంటుంది, మూడు కాళ్లు. ఒకదానికి కరెంటు, ఒకదానికి ఎర్తు, మూడోది కబురు మోసేది. ఏది ఏదో తప్పితే సెన్సర్ చస్తుంది.

ఏది ఏదో ఒబ్దూలియోకి తెలియదు. తెలియకుండా చేసుకున్నది తనే.

సముద్రం ఒడ్డున ఆ చుట్టుపక్కల ఊళ్ల మెకానిక్కులందరికీ ఒక తెగులుంది. తన కిటుకు పక్కవాడికి దొరకకూడదు. ఎవడైనా గేటు దగ్గర నిలబడితే చాలు, ఇంజన్ మీద తువ్వాలు పడుతుంది. తెచ్చిన ప్రతి సామాను మీదా అచ్చు ఉంటే ఆకురాయితో గీకేస్తారు. వైర్లన్నీ ఒక్క రంగువే వాడతారు, ఏది ఎక్కడికి పోతోందో చూసినవాడి కళ్లు తిరగాలని. ఈ తెగులు ఒబ్దూలియోకి మిగతావాళ్లకంటే రెండాకులు ఎక్కువ. సామాను వెంట వచ్చిన కాగితాలు చెత్తబుట్టలో వేస్తే చాగిటో మనుషులు ఏరుకుంటారని పొయ్యిలో పెట్టేస్తాడు. సెన్సర్లు రెండు వచ్చాయి. ఒకటి పళ్ల చక్రానికి, ఇంకోటి వెనక చక్రాలు జారుతున్నాయో లేదో కనిపెట్టడానికి. వచ్చిన రోజే, ఇంకా కారు దగ్గరికి కూడా పోకముందే, కూర్చుని రెండింటి ఒంటిమీదున్న గుర్తులూ నున్నగా అరగదీశాడు. కాగితం పొయ్యిలో పడేశాడు. అంతా అయ్యాక టీవీ ముందు కూర్చుని హాయిగా చల్లటి మాల్టా సీసా ఒకటి తాగాడు కూడా.

బుధవారం మధ్యాహ్నం, ఎప్పుడూ నడిమి కాలే కబురు మోస్తుంది కదా అన్న పాత నమ్మకంతో, మొదటి సెన్సర్‌కి తిన్నగా బ్యాటరీ కరెంటు కలిపాడు. అది వేళ్లమధ్య వెచ్చబడింది. తర్వాత కాలింది. వదిలేసి చేయి విదిలించుకుంటూ నిలబడ్డాడు. మేడమీదనుంచి అతని భుజం మీద నిమ్మచెక్క పడింది, వెనకే లుసీలా దిగివచ్చింది.

“చెవులు పోయాయి సరే, ముక్కు కూడా పోయిందా? ఏదో మాడుతోంది,” అంది అతని మొహంలోకి వంగి, పెదాలు బాగా కదిలిస్తూ.

ఒబ్దూలియో జరిగింది చెప్పాడు. ఆమె ఆ నల్లటి ముక్కని తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసింది.

“ఆకురాయి పెట్టి దీని మొహం చెక్కేశావు. ఇప్పుడు నీ పేరేంటని దీన్నే అడుగుతున్నావు. వెళ్లి చాగిటోని అడుగు. వాడిదగ్గర ఇట్టాంటివి బుట్టెడుంటాయి.”

“చస్తే అడగను.”

“చచ్చేది నువ్వు కాదుగా, ఆ రెండోది,” అని ఆమె పొయ్యిమీద మాంసం ఉడుకుతోందని పైకి పోయింది.

అడగనంటే అడగడు. పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. అయితే పంతం ఉన్నవాడికి చేతకాకపోతే అది పంతం కాదు, మూర్ఖత్వం. ఆ రాత్రి పడుకోలేదనీ కుమిలిపోయాడనీ చెప్పడానికేం లేదు. కడుపునిండా తిని పడుకున్నాడు. పొద్దున్నే కాఫీ పట్టుకొని బల్ల దగ్గర కూర్చున్నాడు. వయసులో ఇళ్లలో వైరింగు పని చేసినప్పుడు, ఎక్కడో వైరుకి వైరు తగిలిందని అనుమానమొస్తే దారిలో ఒక బల్బు అడ్డం పెట్టేవాడు. తప్పు ఉంటే బల్బు వెలుగుతుంది, ఇల్లు తగలబడదు. ఇక్కడా అంతే కావాలి. సెన్సర్‌కి పోయే దారిలో ఒక రెసిస్టర్ అడ్డం పెట్టాడు. ఇప్పుడు తప్పు కలిపినా దానికి అందేది చిటికెడు కరెంటే. చావదు, మహా అయితే మూర్ఛపోతుంది.

మూడు కాళ్లని ఆరు రకాలుగా కలపొచ్చు. ఒక్కొక్కటీ కలిపి, సెన్సర్ మూతి ముందు స్క్రూడ్రైవర్ ఆడిస్తూ మీటర్ చూశాడు. మొదటి రకానికి ఏమీ లేదు. రెండో రకానికీ లేదు. ఇలా కూర్చుని చూసే మనిషి కాదు అతను. ఇనుము మీద చేయి వేసి, విని, తేల్చేసే మనిషి. మధ్యలో రెండుసార్లు మీటర్ని గోడకేసి కొట్టాలనిపించింది. కొట్టలేదు. ఏ రకమూ పలకలేదు.

మళ్లీ మొదటికొచ్చాడు. కాఫీ చల్లారింది. సెన్సర్ చచ్చిందా అనుకున్నాడు. వేడెక్కలేదు, వాసన లేదు. చచ్చినదానిలా లేదు. మరి పలకదేం? పెట్టె తాలూకు కాగితాలు పొయ్యిలో పెట్టేముందు వాటి బొమ్మల్లో చూసిందొకటి అప్పుడు గుర్తుకొచ్చింది. కబురు వైరు పైన కరెంటు వేలాడదీయాలని అక్కడ రాసుంది. అప్పుడు పట్టించుకోలేదు. ఈ జాతి సెన్సర్ తనంతట తాను కరెంటు పంపదు. మనం వేలాడదీసిన కరెంటుని ఇనుము ఎదురైతే కిందికి లాగుతుంది, ఇనుము పోతే వదులుతుంది. వేలాడదీయనిదే ఏం లాగుతుంది? ఇంకో రెసిస్టర్ తీసి కబురు కాలికీ కరెంటుకీ మధ్య వేసి, మళ్లీ ఆరు రకాలూ మొదలుపెట్టాడు. నాలుగోదానికి స్క్రూడ్రైవర్ ఆడించగానే మీటర్ ముల్లు పైనుంచి కిందికి పడింది. తీశాడు, లేచింది. పెట్టాడు, పడింది. చాలాసేపు అలా ఆడిస్తూనే ఉన్నాడు, చూడాల్సిన అవసరం తీరిపోయాక కూడా.

శుక్రవారానికల్లా సెన్సర్‌ని చక్రం ముందు బిగించాడు. కబురు వైరుకి కరెంటు వేలాడదీసే పని కంప్యూటర్లోనే ఉంటే ఆన్ చేశాడు. వైర్లన్నీ అలవాటుగా నల్లవే తీసి, సెన్సర్ వైరూ, ప్లగ్గులకి మంట పంపే కాయిల్ వైర్లూ, సూదుల వైర్లూ అన్నీ కలిపి ఒకే కట్టగా చుట్టి, పైన నల్ల టేపు వేశాడు. చూడ్డానికి పామొకటి ఇంజన్ పక్కన ముడుచుకొని పడుకున్నట్టుంది. తాళం తిప్పాడు. తెరమీద అంకె సున్నా నుంచి లేచింది. బానెట్ అంచు మీద పెట్టిన అరచేతిలో వణుకు పుట్టి, మోచేతిదాకా ఎక్కింది. లుసీలా మెట్లమీద చెవులు మూసుకొని తిట్టడం కనిపించింది. ఆమె తిట్టడం చూసి అంత సంతోషించడం అతనికి అదే మొదలు.

శనివారం పొద్దున వాండా పికప్పుకి ట్రైలర్ తగిలించుకొని వచ్చింది. ఆమె వెనకే, పాస్టెలియో కొనడానికన్నట్టు చాగిటో కూడా వచ్చి బండి దగ్గర నిలబడ్డాడు. వాడి చొక్కాకి ఎప్పుడూ మరక ఉండదు. పని చేసేవాడి చొక్కా అలా ఉండదని ఒబ్దూలియో చాలామందికి చెప్పి చూశాడు, ఎవరూ పట్టించుకోలేదు. గేటు సందులోంచి వాడి చూపు పడగానే తువ్వాలు తీసి ఇంజన్ మీద కప్పాడు.

“ఏం బావా, పసిబిడ్డకి చలేస్తోందా?” అన్నాడు చాగిటో. ఒబ్దూలియోకి అది వినిపించలేదు. లుసీలా మాత్రం గరిటె చూపించింది.

వాండా కూర్చుని స్టార్ట్ చేసింది. ఒక్క తిప్పుకే అందుకుంది. ఆమె మొహం విప్పారింది. పెడల్ తొక్కుతూ పోయింది. ఇంజన్ తిరుగుడు కొంత ఎత్తుకి వెళ్లేసరికి ఆమె కనుబొమలు ముడిపడ్డాయి. తల బయటపెట్టి, పైకి పోయేకొద్దీ మధ్యలో తడబడుతోంది, వింటున్నావా అని అడిగింది.

ఒబ్దూలియో తల ఊపాడు. వంగి ఒక నట్టు బిగించినట్టు చేశాడు. అరచేతికి వణుకు తెలుస్తోంది గానీ అంత పైన తడబాటు తెలియడం లేదు, అక్కడ అంతా ఒకే వణుకు. ఇంకోసారి తొక్కమని సైగ చేశాడు. ఆమె తొక్కింది.

“ఆఁ, ఇప్పుడు పోయింది కదా. బిగువు తక్కువైంది, అంతే,” అన్నాడు.

వాండా ఇంజన్ ఆపేసింది. కారు దిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. అతని మొహంలోకి చూసింది. బస్సులో అబద్ధమాడే పిల్లల మొహాలు రోజూ చూసే మనిషి.

“పోలేదు మేస్త్రీ. ఇందాకటికంటే ఎక్కువైంది.”

అతను మళ్లీ అదే నట్టు మీదికి వంగాడు.

“నీకు వినపడదు,” అంది. అడగలేదు.

కాదనడానికి నోటిదాకా మాటలొచ్చాయి. జలుబు చేసిందనో, పొద్దున చెవుల్లో నీళ్లు పోయాయనో. ఈ రెండేళ్లలో ఎన్ని వాడాడో. అవన్నీ ఎప్పుడో అరిగిపోయాయి.

“వినపడదు,” అన్నాడు. “పెద్ద మోత అయితే ఒంటికి తెలుస్తది. లోపలి సన్నటివి పోయాయి. మళ్లీ రావు.”

గేటు దగ్గర చాగిటో నమలడం ఆపేశాడు. వాండా పికప్పు వైపు నడిచింది. కారు ఎక్కించే ట్రైలర్ పలకలు దించి, లాగే గొలుసు తీసింది. ఒబ్దూలియో ఆమె వెంట పోలేదు, బతిమాలలేదు. లాప్‌టాప్ తెచ్చి కారు కప్పు మీద, డ్రైవర్ తలుపు వైపు తిప్పి పెట్టి పక్కన నిలబడ్డాడు. ఇంకొక్కసారి తొక్కమన్నాడు. తడబాటు వినపడ్డ ప్రతిసారీ చేయి ఎత్తమన్నాడు. తర్వాత కట్టుకోమన్నాడు గొలుసు, కారుని తనే ట్రైలర్ మీదికి తోస్తానన్నాడు.

ఆమె గొలుసు కిందపెట్టి కారులో కూర్చుంది. తొక్కింది. చేయి లేచింది. తెరమీద సెన్సర్ గీసే గీత అక్కడ తెగింది. మళ్లీ లేచింది, మళ్లీ తెగింది. ఒకచోట గీత తెగింది గానీ ఆమె చేయి లేవలేదు. ఒబ్దూలియో గట్టిగా కారు కప్పు చరిచి, అదేంటి మరి అన్నట్టు చూశాడు. ఆమె మళ్లీ అంత ఎత్తుకే తెచ్చి, తల పక్కకి వాల్చి వింది. ఈసారి చేయి నెమ్మదిగా లేచింది.

“నాకు తప్పిపోయింది,” అంది ఇంజన్ ఆపి.

“తెరకి తప్పిపోదు. అది చూస్తుంటే నాకూ తప్పిపోదు. ఎందుకు తెగుతోందో కనుక్కోవడమే మిగిలింది.”

ఎందుకో అనేసరికే అతనికి తెలిసిపోయింది. తెగేది మంట ఎక్కువ కొట్టే ఎత్తులోనే. మంట పోయే కాయిల్ వైర్లూ, కబురు మోసే సన్నటి వైరూ ఒకే కట్టలో మీద మీద పడుకున్నాయి. మంట వైరు ఎగిసినప్పుడల్లా కబురు వైరు ఉలిక్కిపడుతోంది. చక్రం చెప్పని పళ్లు చెబుతోంది. ఎవడూ కనిపెట్టకూడదని తను చుట్టిన కట్టే తన పని చెడగొట్టింది. విడదీయాలి. కబురు వైరుకి పైన జల్లెడలాంటి తొడుగున్న వైరు వేయాలి, ఆ తొడుగుని ఒక్క కొసనే ఎర్తుకి కలపాలి.

తొడుగు వైరు అతని దగ్గర లేదు. నల్లవి చుట్టలు చుట్టలుగా ఉన్నాయి. దుకాణం పోన్సే పట్నంలో ఉంది, పోయిరావడానికి పూట పడుతుంది. వాండా అంతవరకూ ఆగేలా లేదు, ఆగమని అడిగే హక్కు తనకీ లేదు.

ఒబ్దూలియో గేటు వైపు తిరిగాడు.

“చాగిటో. తొడుగున్న వైరు ఉందా నీ దగ్గర?”

వీధంతా వినేంత గొంతు అది. చాగిటో నూనె వేళ్లు కాగితానికి తుడుచుకున్నాడు, తొందరేమీ లేకుండా.

“ఉంది బావా. కావలసినంత. తెచ్చిస్తా,” అన్నాడు దగ్గరికొచ్చి, పెదాలు చదవడానికి వీలుగా ఎదురుగా నిలబడి. “కానీ నేను కూడా నిలబడి చూస్తా.”

లుసీలా గరిటె పట్టుకొని మెట్లమీద ఆగింది. వాండా చూపు తిప్పుకుంది. ఒబ్దూలియో దవడ రెండుసార్లు కదిలింది. తిట్టు తయారవుతున్నట్టే అనిపించింది.

“చూడు,” అన్నాడు.

ఇంజన్ మీది తువ్వాలు తీసి ఒళ్లు తుడుచుకున్నాడు. చాగిటో వైరు తెచ్చేలోపే బ్లేడు పెట్టి నల్ల కట్టని ఈ కొసనుంచి ఆ కొసదాకా చీల్చాడు. టేపు పొట్టలా విచ్చుకుంది. కాయిల్ వైర్లని ఇంజన్ అవతలి పక్కకి మళ్లించాడు. కొత్త వైరుని ఇవతలినుంచి, వేడికి దూరంగా, తిన్నగా లాగాడు. తొడుగుని పెట్టె వైపు ఎర్తుకి టంకం వేసి, సెన్సర్ వైపు వదిలేశాడు. రెండువైపులా కలపవేం అని చాగిటో అడిగాడు. నిజంగానే తెలియక అడిగాడు, వెటకారం లేదు. రెండువైపులా కలిపితే ఆ తొడుగులోనే కరెంటు తిరగడం మొదలుపెట్టి అసలుకే మోసం వస్తుందని ఒబ్దూలియో చెప్పాడు. తన కిటుకు వాడికి చెబుతున్నానని తెలిసే చెప్పాడు. చెప్పడం పన్ను పీకించుకున్నట్టుంది. అయినా మాట పూర్తిచేశాడు.

వాండా స్టార్ట్ చేసింది. మెల్లగా పైకి తీసుకెళ్లింది. అక్కడ ఆపి ఉంచింది. ఇంకా పైకి. ఆమె చేయి స్టీరింగ్ మీదే ఉంది. తెరమీద గీత ఈ అంచునుంచి ఆ అంచుదాకా, ఎక్కడా తెగకుండా పోయింది.

ఆపి దిగింది. “రెండో సెన్సర్?” అని అడిగింది.

“కాల్చేశా. కొత్తది వచ్చేదాకా చక్రాలు జారితే నీ సీటుకే తెలియాలి.”

“ఇన్నేళ్లూ దానికే తెలిసింది.” ఆమె బానెట్ కింద చీలిపోయి వేలాడుతున్న నల్ల వైర్లని చూసింది. “మేస్త్రీ, ట్రాక్ మీద వైరేదైనా తెగితే నేనే కలుపుకోగలగాలి. ఏది ఏదో ప్రతి దానిమీదా రాయి. నీ చేత్తో, పెద్ద అక్షరాలతో. రాస్తావా, లేక కారు ట్రైలర్ ఎక్కించనా?”

ఒబ్దూలియో చాగిటో వైపు చూశాడు. వాడు ఇంకా అక్కడే, ఇంజన్ మీదికి వంగి, చేతులు వెనక కట్టుకొని చూస్తున్నాడు. పొమ్మనడానికి ఇది మంచి సమయమే.

“రాస్తా,” అన్నాడు. “రేపు ట్రాక్‌కి నన్ను కూడా తీసుకెళ్తేనే. తెర చూసేది నేను.”

“నీ చోటు ఇంకెవరికైనా ఎప్పుడిచ్చాను?” అంది వాండా. పలకలు లేపి బిగించి, గొలుసు పైన పడేసి, ఖాళీ ట్రైలర్ని గడగడలాడించుకుంటూ పోయింది. ఆ గడగడ ఒబ్దూలియోకి పాదాల కింద కొంతసేపు తెలిసింది.

అతను లోపలికి పోయి తెల్ల టేపూ, పెన్నూ తెచ్చాడు. మొదటి వైరు పట్టుకొని, అది ఎక్కడికి పోతోందో ఈ కొసనుంచి ఆ కొసదాకా వేళ్లతో తడుముకుంటూ వెళ్లాడు. తన వైరే అయినా సగందూరం పోయాక తనకే అనుమానమొచ్చి, మళ్లీ మొదటినుంచి పట్టుకున్నాడు.